డ్రమ్ములోడి పాట

డ్రమ్ములు కొట్టేవాడికి పాట రాయడం రాదని ఏ శాస్త్రంలో ఉందో ఎవరైనా చూపించండి, ఈ కర్రలు రెండూ విరిచి పొయ్యిలో పెట్టేస్తాను. ఇరవై రెండేళ్ళుగా బ్యాండు నడుపుతున్నాం. నాలుగు ఆల్బమ్‌లు చేశాం. వాటిలో ముప్ఫై మూడు పాటలున్నాయి. హొన్నూరుస్వామి రాసిన పాట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ హొన్నూరుస్వామిని నేనే.

మా బ్యాండు పేరు బండ. అది మేము పెట్టుకున్న పేరు కాదు. కాలేజీ రోజుల్లో మొదటి ప్రోగ్రాముకు గుడ్డ బ్యానరు మీద తెలుగులో 'రాక్ బ్యాండ్' అని రాసి తెమ్మని, బోర్డులు రాసే భీమేష్‌కు చెప్పాం. అతని చెయ్యి కన్నడ అక్షరాలకు తిరిగినట్టు తెలుగు అక్షరాలకు తిరగదు. 'రాక్' ఎగిరిపోయింది, 'బ్యాండ్' కాస్తా 'బండ' అయింది. పైగా మన బళ్ళారి కోటగుట్టను తలుచుకున్నాడేమో, పక్కన పెద్ద గుండురాయి బొమ్మ కూడా వేశాడు. నేను అతని మీదికి పోయాను. నేత్రావతి నా చొక్కా పట్టి వెనక్కి లాగింది.

"రాక్ అన్నా బండే, బ్యాండ్ అన్నా బండే. రెండక్షరాల్లో రెండూ వచ్చినాయి కదప్పా. నోడు, చూడు, ఎంత చెన్నాగుండాది!" అంది.

ఆ రోజు నుంచి మేము బండ అయిపోయాం.

నేత్రావతి మా గాయని. పగలు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది, అందుకే మాతో మాట్లాడేటప్పుడు కూడా బోర్డు దగ్గర నిలబెట్టినట్టే మాట్లాడుతుంది. సిద్దేశ్ బేస్ గిటార్ వాయిస్తాడు. రైల్వేలో ఉద్యోగం. మాట్లాడడం తక్కువ, వద్దనడం ఎక్కువ. లీడ్ గిటార్ సీతారామారావుది. మా బళ్ళారి పక్కకు కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో వాళ్ళ తాత గోదావరి పక్క నుంచి సిరిగేరికి వచ్చి వరి వేశాడు. మనవడు ఈ మట్టిలోనే పుట్టాడు, కన్నడంలో తిట్లు కూడా నేర్చాడు, కానీ 'ఏంటండీ' అనడం మాత్రం మానలేదు. మా రికార్డింగ్ అంతా అతని ల్యాప్‌టాప్‌లోనే. ఇక నేను జీన్స్ ఉతికే యూనిట్లో సూపర్‌వైజర్ని. అక్కడా డ్రమ్ములే, ఇక్కడా డ్రమ్ములే. అక్కడివి ప్యాంట్లు ఉతుకుతాయి.

మా స్టూడియో బ్రూస్‌పేటలో మా మారెక్క ఇంటి మిద్దె మీద గది. మారెక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. అప్పటి నుంచి నన్ను సాకింది అక్కే. బావ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే. పెళ్ళి చేసుకోలేదా అంటారేమో, నా కోపానికి పిల్లనిచ్చే మామ ఇంకా బళ్ళారి జిల్లాలో పుట్టలేదు. గది గోడలకు వేలాడే బొంతలు అక్క కుట్టినవే, అన్నీ జీన్స్ ముక్కలతో. మా చప్పుడు వీధిలోకి పోకుండా ఆపుతాయి. మేము వాయించే ప్రతి ఆదివారం నలుగురికీ వంట ఆమెదే.

ఏప్రిల్ మొదటి ఆదివారం సిద్దేశ్ గదిలోకి వచ్చి గిటార్ విప్పకుండా కూర్చున్నాడు.

"హుబ్బళ్ళికి వేసినారు. ప్రమోషను. నెలాఖరుకు పోవల్ల" అన్నాడు.

అంత పొడుగు మాట అతని నోట విని చాలా రోజులైంది. ఎవరమూ కంగ్రాట్స్ చెప్పలేదు. ఇంకో బేస్ వాయించేవాడిని చూసుకుందామన్న మాట సీతారామారావు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేత్రావతి లెక్క తేల్చేసింది.

"ముగ్గురితో బండ అంటే గులకరాయి. వద్దు. సిద్దేశ్ పోయేలోపల ఒక ఆల్బమ్ చేద్దాం. ఎనిమిది పాటలు. అదే కడాది. దాంతో ఆఖరు."

"ఎనిమిదిలో ఒకటి నాది" అన్నాను నేను.

సీతారామారావు గిటార్ తీగలు చూసుకుంటున్నాడు, అవేవో కొత్తగా మొలిచినట్టు.

ఇక్కడ మా బండ కట్టడి ఒకటి చెప్పాలి. పాట ఆల్బమ్‌లోకి పోవాలంటే నాలుగు చేతులూ లేవాలి. మూడు లేస్తే చాలదు. నా పాటలకు ఒకసారి రెండు లేచాయి, ఒకసారి మూడు కూడా లేచాయి, నాలుగు మాత్రం ఎప్పుడూ లేవలేదు. ఈ దిక్కుమాలిన కట్టడి పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఇరవై రెండేళ్ళ కింద, సీతారామారావు రాసిన ఒక ప్రేమపాటను ఆపడానికి పెట్టాను.

"ఇది పోతే నాకింక పాట లేదు. మళ్ళీ ఆల్బమ్ లేదు, మళ్ళీ బండ లేదు. నా పేరుతో ఒక్క పాట ఉండల్ల. అంతే" అన్నాను. అడిగినట్టు అనాల్సింది, తిట్టినట్టు వచ్చింది. నా గొంతు అంతే.

"రాసుకుని రా, చూద్దాం" అంది నేత్రావతి.

మిగతా ఏడు పాటలూ ఎవరివో ఒకరివి సిద్ధంగానే ఉన్నాయి. సెలవులు పెట్టి, ఆదివారాలు కలుపుకుని రికార్డింగ్ మొదలుపెట్టాం. ఎండాకాలంలో బళ్ళారిలో మిద్దె మీద పాట రికార్డు చేయడమంటే ఏమిటో చెబుతాను వినండి. ఫ్యాను తిరిగితే దాని చప్పుడు మైకులో పడుతుంది, కాబట్టి ఫ్యాను ఆపాలి. కిటికీ తెరిస్తే ఆటోల హారన్లు పడతాయి, కాబట్టి కిటికీ మూయాలి. చుట్టూ బొంతలు. ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టు ఉంటుంది. తల మీద తడి తువాలు వేసుకుని కొట్టడం మొదలుపెడితే మూడో నిమిషానికి తువాలు ఆరిపోతుంది. అయిదో పాట చివరిదాకా బరాబర్‌గా వచ్చి, ఇంకొక్క మాట మిగిలిందనగా, తడి చెత్త వేరు పొడి చెత్త వేరు అని కన్నడంలో పాట పెట్టుకుని చెత్తబండి వీధిలోకి వచ్చింది. నేను కిటికీ తెరిచి నోటికొచ్చినట్టు అరిచాను. ఆ డ్రైవరు నవ్వి చెయ్యి ఊపాడు.

"మీదీ బాగుండాదన్నా! ఇంగా గట్టిగా పెట్టండి!" అన్నాడు.

అలాగే ఏడు పాటలూ అయ్యాయి. మధ్యలో నేను నా పాట రాశాను. యూనిట్లో కరెంటు పోయి, మిషన్లో మూడొందల ప్యాంట్లు సగం రంగుతో నానుతూ ఉంటే, ఓనరు ఫోన్లో అరుస్తూ ఉంటే, ఆ మంట మీద లోడు చీటీ వెనక రాసేశాను. పాట పేరు 'సాకు'. కన్నడంలో సాకు అంటే చాలు. బళ్ళారివాడికి ఒళ్ళు మండితే నోట్లోంచి ముందు ఊడిపడేది ఆ మాటే. చాలు అంటే కోపం సగమే వచ్చినట్టు, సాకు అంటే తలుపు ధడేలున వేసినట్టు.

మొదటి చరణంలో ఎండకు సాకు, దుమ్ముకు సాకు, గనుల లారీలకు సాకు, ఫోన్లో ఓనరుకు సాకు అని వరసగా అందరినీ కడిగేశాను. రెండో చరణం ఇది:

తింటివా? నూనె పెట్టుకుంటివా?
యాడికి పోతాండావు? ఎప్పుడొస్తావు?
సాకు, సాకు, సాకు.

ఇవి మా మారెక్క మాటలు. నేను కల్పించింది ఒక్క అక్షరం లేదు. రోజూ మిద్దె మెట్ల కింద నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పైకి కేకేస్తుంది. నేను పలకను. మీసం నెరిసిన నలభై మూడేళ్ళవాడిని తలకు నూనె పెట్టుకున్నావా అని వీధి వీధంతా వినేటట్టు అడిగితే ఏమని పలకాలి?

పాట చదివి వినిపించాను. నేత్రావతి చెయ్యి సగం లేచింది. సీతారామారావు గడ్డం గోక్కున్నాడు.

"మా నాన్నకు వినిపిస్తే 'సాకు సాకు అంటున్నారేంట్రా, ఏ పని ఎగ్గొట్టడానికి సాకులు చెబుతున్నారు మీరు' అంటాడయ్యా. మా వైపు సాకు అంటే అదే కదా" అన్నాడు. కానీ చెయ్యి ఎత్తాడు.

అందరం సిద్దేశ్ వైపు చూశాం.

"వద్దు. ఊరికే అరుస్తాండావు" అన్నాడు.

"అరుపే పాట! రాక్ అంటే ఏమనుకుంటివి, జోలపాటనా?"

"కోపం ఉండాది. పాట లేదు."

నేను లేచాను. నేత్రావతి నా కన్నా ముందు లేచింది. రికార్డు చేద్దాం, విన్నాక మళ్ళీ చేతులు ఎత్తుదాం అని తీర్మానించింది. సిద్దేశ్ భుజాలు ఎగరేశాడు, అంటే సరే అని.

సిద్దేశ్ వెళ్ళడానికి ఇంక ఎనిమిది రోజులే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం పదకొండు సార్లు పాడించాను. నేను మాత్రం ప్రాణం పెట్టి కొట్టాను, గోడ బొంతల్లోంచి నూలు పోగులు రాలాయి. నేత్రావతి మొదటి చరణం బ్రహ్మాండంగా తిట్టింది, ఎదురుగా ఓనరు ఉంటే పారిపోయేవాడు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు మెత్తబడిపోతోంది. ఆడలేని అమ్మ మద్దెల ఓడు అన్నదని సామెత. మద్దెల వాయించేవాళ్ళకు ఆ సామెత వింటే ఎంత మంటో మీకు తెలీదు. నేత్రావతి నా డ్రమ్ము ఓడు అనలేదు గానీ, నా మాటలు ఓడు అంది.

"నాకు తిట్టేకి రాలేదప్పా. తింటివా అని అడిగిన మనిషిని ఎట్ల తిట్టేది? మా ఇంట్లో నన్నెవురూ అడగరు. నేనే అందరినీ అడుగుతా."

"నువ్వు నలభై ఏండ్లు విని ఉంటే తెలుస్తాండె!"

"వింటి కదా, నీ పాటలో. పదకొండు తూర్లు."

కర్ర విసిరేశాను. అది బొంతకు తగిలి చప్పుడు కూడా కాకుండా కింద పడింది. ఆ గదిలో కోపం తీర్చుకోవడానికి కూడా వీల్లేదు. సిద్దేశ్ చెయ్యి లేవదని అడగకుండానే తెలిసిపోయింది, రెండు చేతులూ గిటార్ మీదే ఉన్నాయి. నా పాట పోయిందనుకున్నాను. నాకు నిజంగా బాధేసింది, ముప్ఫై మూడు పాటలకు వెన్నెముకలా కొట్టినవాడికి సొంత మాట ఒక్కటి మిగలకపోవడం చిన్న విషయం కాదు.

మైకులో ఏదో బుస్సుమంటోందని సీతారామారావు డ్రమ్ములూ గిటారూ ఆపేసి, ఒట్టి గొంతూ బేసూ మాత్రమే పెద్దగా పెట్టి వింటున్నాడు. నా డ్రమ్ము లేకుండా ఆ రెండో చరణం ఎంత నెమ్మదిగా ఉందో అప్పుడే విన్నాను. సరిగ్గా అప్పుడే భుజంతో తలుపు తోసుకుని మారెక్క వచ్చింది, రెండు చేతుల్లో బొరుగుల ఉగ్గాని పళ్ళేలతో.

తింటివా, నూనె పెట్టుకుంటివా అని స్పీకర్లోంచి నేత్రావతి గొంతు. సాకు, సాకు, సాకు.

మారెక్క అక్కడే నిలబడిపోయింది. పళ్ళేలు కింద పెట్టలేదు. పాట అయిపోయేదాకా విని, కొంగు అందక మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"నా మీద పాట కట్టినావారా?" అంది.

ఆమె పళ్ళేలు దించి, నా తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, చల్లారక ముందే తినమని చెప్పి దిగి వెళ్ళిపోయింది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"అక్కగారు వేరే సాకు విన్నారు. పెంచి పెద్దచేసే సాకు" అన్నాడు సీతారామారావు మెల్లగా.

అప్పుడు సిద్దేశ్ చెయ్యి పైకి లేచింది. నా పాటకు అది లేవడం ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

"ఇట్లయితే పాటే" అన్నాడు.

ఎగిరి గంతెయ్యాల్సినవాడిని. వెయ్యలేదు. నాకు సిగ్గేసింది. ఆమెను తిట్టి రాసిన పాటరా అది అని లోపల ఎవరో గిల్లుతున్నారు. ఆల్బమ్ బయటికి వచ్చాక వీధిలో సగం మంది కన్నడంలోనే వింటారు. 'ఏమక్కా, మీ తమ్ముడు నిన్ను సాకు అని తిడుతున్నాడే' అని ఎవరో ఒకరు నవ్వుతూ అననే అంటారు.

"చెప్పేస్తావు కదా?" అంది నేత్రావతి.

"చెబితే పాటనే వద్దంటాది."

"వద్దంటే తీసేద్దాం. చెప్పకుంటే నా చెయ్యి దిగుతాది" అన్నాడు సిద్దేశ్. నిజంగానే సగానికి దించాడు.

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. చెబితే అక్క మనసు విరుగుతుంది, చెప్పకపోతే పాట పోతుంది. ఉగ్గాని ముట్టకుండా కిందికి దిగాను.

మారెక్క మిరపకాయ బజ్జీలు వేస్తోంది. నా వైపు తిరగలేదు.

"ఉప్పు తక్కువాయనా?" అంది.

"ఉప్పు కాదక్కా. ఆ పాట..."

"బాగుండాదిరా."

"బాగలేదు! ఊరికే బాగుండాదనద్దు. అది నువ్వనుకున్న పాట కాదు." నా గొంతు మళ్ళీ తిట్టినట్టే వస్తోంది. తగ్గించుకున్నాను. "ఆ సాకు మన సాకు కాదు. కన్నడ సాకు. సాకాయ్తు అంటారు చూడు, ఆ సాకు. నువ్వు అడిగిందే అడుగుతాంటే ఒళ్ళుమండి రాసినా. నిన్ను తిట్టి రాసినా అక్కా. అది చెప్పేకే వస్తి."

బజ్జీ ఒకటి తిరగేసింది. ఇంకోటి తిరగేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఒకడుగు ముందుకేశాను. చూస్తే నవ్వుతోంది.

"ఒరే పిచ్చోడా! రోజూ మార్కెట్లో కన్నడంలో బేరం చేసేదాన్ని. కూరగాయలోడు సంచి నింపుతాంటే 'సాకు బిడప్పా' అని అనేది ఎవురు, నువ్వా? నాకు సాకు అంటే తెలీదా?"

"తెలిసే ఏడిస్తివా?"

"తెలిసే."

"యాల మరి?"

చిల్లుల గరిటె పక్కన పెట్టి, ఇప్పుడు నా వైపు తిరిగింది.

"చిన్నప్పట్నుంచి అడుగుతానే ఉండా. తింటివా అంటే పలకవు. యాడికిరా అంటే పలకవు. మెట్ల కింద నిలబడి గోడకు చెప్పినట్ల చెప్పి వస్తాంటి. వీని చెవిలో నా మాట పడదులే, నా అలవాటు నేను మానలేను అనుకుంటి. ఈ పొద్దు వింటే అన్నీ ఉండాయి కదరా. వరస కూడా తప్పలేదు. నూనె మాట కూడా ఉండాది. నువ్వు ఒగటీ పోగొట్టుకోలేదు."

నాకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు. ఇన్నేళ్ళలో నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమ అక్క మీద ఎప్పుడూ రాలేదు. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలీక ఒక బజ్జీ తీసి నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాను.

"పాట పెట్టుకోనా మరి?" అన్నాను నాలుక ఊదుకుంటూ.

"పెట్టుకో. తిట్టు తిట్టే గానీ, పాట సగమే ఉండాది."

"సగమా!"

"అడిగేది ఉండాది. జవాబు యాడ?"

నా పాటల మీద తీర్పు చెప్పేవాళ్ళు ఇన్నేళ్ళూ ముగ్గురు. ఇప్పుడు నాలుగో మనిషి తయారైంది. కోపం వచ్చింది గానీ నిలబడలేదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఆ సాయంత్రమే కూర్చుని లోడు చీటీ మీద ప్రతి ప్రశ్న పక్కనా ఒక జవాబు రాయడం మొదలుపెట్టాను. అన్నీ కలిపి ఆరు మాటలు. ఆరు మాటలకు మూడు రోజులు పట్టింది.

మిగతావాళ్ళకు చూపించాను. సిద్దేశ్ చదివి చెయ్యి పూర్తిగా ఎత్తాడు. నేత్రావతి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఈ ప్రశ్నలు నేను పాడను. అక్కనే అడగల్ల. మెట్ల కింద నుంచి, రోజూ అడిగినట్ల" అంది.

మారెక్క ససేమిరా అంది. "నా గొంతుకన్నా కుక్కరు విజిలు నయం" అంది. సీతారామారావు తన గోదావరి మర్యాదంతా బయటికి తీశాడు. "మీరు పాడొద్దండీ మారెక్కగారూ, ఊరికే అడగండి. అడగడంలో మిమ్మల్ని మించినవాళ్ళు ఈ పేటలోనే లేరండీ" అన్నాడు. గారూ అంటే చాలు ఆమెకు నవ్వాగదు. నవ్వుతూ ఒప్పుకుంది.

చివరి ఆదివారం వచ్చింది. సిద్దేశ్ సామాను అప్పటికే లారీ ఎక్కేసింది, మర్నాడు పొద్దున అతని రైలు. సీతారామారావు పొలంలో కోత మిషను వచ్చి నిలబడి ఉంది, నాలుగు గంటలకల్లా సిరిగేరిలో ఉండాలి. పాట వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే ఏడు పాటలతోనే ముగిద్దామని అందరం ఒప్పుకున్నాం. మైకు వైరు మెట్ల మీదుగా కిందికి దించాం. మారెక్క కొత్త చీర కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నా డ్రమ్ముల పక్కన కూడా ఒక మైకు పెట్టారు. మైకు ముందు నేను నోరు తెరవడం అదే మొదలు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని కర్రలు పట్టుకున్నాను.

మొదటి చరణం అయింది. కింది నుంచి కేక వచ్చింది.

"ఒరే హొన్నూరూ, తింటివా?"

నేను డ్రమ్ము కొట్టాను. అంతే. నోరు రాలేదు. నలభై ఏళ్ళ అలవాటు, ఆ కేక వినగానే పెదాలు వాటంతట అవే బిగుసుకున్నాయి. పాట ఆపేశాం.

"నోరు యాడ పెట్టి వస్తివప్పా?" అన్నాడు సిద్దేశ్.

రెండోసారి నోరు తెరిచాను, గాలి మాత్రమే వచ్చింది. కింద మారెక్క మైకుతో మొరపెట్టుకోవడం మా హెడ్‌ఫోన్లలో స్పష్టంగా వినిపించింది. "నేను చెప్పలేదా, వీడు పలకడు!" గోడ గడియారం మూడు దాటింది. సీతారామారావు దాన్ని చూడనట్టు నటించాడు.

"ఇదొక్కటి. మా వాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు" అన్నాడు.

నేను కర్రలు కింద పెట్టేశాను. చేతులతోనే కొడతానన్నాను. కర్రలుంటే వాటి వెనక దాక్కుంటున్నాను, నాకు తెలుస్తూనే ఉంది. మళ్ళీ మొదలుపెట్టాం. సిద్దేశ్ బేసు, దాని మీద నా అరచేతులు, పైన నేత్రావతి.

"ఒరే హొన్నూరూ, తింటివా?"

"తింటి అక్కా."

నా గొంతు కాకిలా వచ్చింది. ఎవరూ ఆపలేదు.

"నూనె పెట్టుకుంటివా?"

"పెట్టుకుంటి."

"యాడికి పోతాండావు?"

"ఈడనే ఉండా."

"ఎప్పుడొస్తావు?"

"వస్తాండా."

సాకు, సాకు, సాకు అని నేత్రావతి అందుకుంది. ఏ భాషలో పాడుతున్నావని నేను అడగలేదు. సీతారామారావు గిటార్ చివరి తీగ మోగి మోగి సన్నబడింది. అతను రికార్డింగ్ ఆపడానికి చెయ్యి చాచాడు. పాట అయిపోయిందని మారెక్కకు ఎవరూ చెప్పలేదు, లేదా ఆమె అడిగేది ఇంకా అయిపోలేదు.

"ఒరే, వచ్చే ఆదివారం ఎంతమందికి వండల్లరా?"

సీతారామారావు చెయ్యి అక్కడే ఆగింది. కడా ఆల్బమ్ అని నెల రోజులుగా అనుకుంటున్నాం. కడా ఆదివారం అని మాలో ఒక్కరమూ అనలేదు. నేత్రావతి బొంతల వైపు తిరిగి నిలబడింది. జవాబు నేనే చెప్పాలి, మైకు నా ముందే ఉంది, కానీ ఆ జవాబు నా చేతిలో లేదు. సిద్దేశ్ వైపు చూశాను. వద్దు అనడం తప్ప ఇంకో మాట రానివాడు. కళ్ళు మూసుకుని, తెరిచి, తల గట్టిగా ఊపాడు. హుబ్బళ్ళి నుంచి రైలుంది, అతనికి పాసు కూడా ఉంది, ఇంకేం కావాలి?

"ఎప్పట్లాగే అక్కా! నలుగురికీ!" అని అరిచాను.

"సరే" అంది కింది నుంచి. వంటింట్లో గిన్నె మూత చప్పుడైంది.

ఆ ముక్కంతా పాటలో అలాగే ఉంచేశాం. ఎనిమిదో పాట చివర గిన్నె మూత తరవాత ముక్కు చీదిన చప్పుడు ఒకటి వినిపిస్తుంది. తీసేస్తానని సీతారామారావు ఎంత చెప్పినా నేను ఒప్పుకోలేదు. చాలామంది అది సిద్దేశ్‌ది అనుకుంటున్నారు. కాదు, అది నాదే.